ఓడిపోవడానికి ఒక చోటు

మార్కాపురంలో టెన్నిస్ ఆడేవాణ్ణి చూపించమంటే నావల్ల కాదు. టెన్నిస్ బంతి అమ్మని వీధిని చూపించమన్నా అంతే కష్టం. కిరాణా కొట్లో నువ్వుజీళ్ల సీసా పక్కన, ఫ్యాన్సీ షాపు గుమ్మానికి వేలాడే వలసంచిలో, సైకిలు షాపు బల్ల మీద పచ్చగా, నూగునూగుగా కనిపిస్తూనే ఉంటుంది. పిల్లలు వచ్చి "అన్నా, ఒక కాస్కో బాలియ్యి" అంటారు, నేల మీద ఒకసారి కొట్టి చూసుకుంటారు, పరుగు తీస్తారు. అది పోయేది క్రికెట్‌కే. పలకల ఫ్యాక్టరీ పారబోసిన రాతి ముక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చి వికెట్లంటారు. బంతి తగిలితే ఆ దొంతర కూలే చప్పుడుకి అంపైరు అక్కర్లేదు. నూగంతా ఊడి బంతి బోడిగుండయ్యేదాకా ఆడతారు, ఆ తర్వాత ఒకవైపు నల్ల టేపు అంటించి స్వింగు తిప్పుతారు. రోజూ చూసే ఈ బంతే ఈమధ్య నాకు అడ్డం పడుతోంది. బంతి ఇంత దూరం వచ్చింది గదా, దాని ఆట దారిలో ఎక్కడ దిగిపోయింది? ఊరికి రాని ఆట తాలూకు బంతి ఊరంతా దొర్లడం విచిత్రం కాదూ? కాదేమో. మన ఊళ్లకు చాలా సంగతులు ఇలాగే వచ్చాయి, సామాను ముందు దిగి మనిషి దిగకుండా.

ఇంకొక సంగతి దీనికంటే ఎక్కువ గుచ్చుకుంటోంది. సాయంత్రం హైస్కూలు గ్రౌండు గోడ పక్కన కాసేపు నిలబడి ఆడేవాళ్ల వయసులు చూడండి. మూరెడు పిల్లలుంటారు. మీసం మొలిచీ మొలవని తొమ్మిది, పది తరగతుల వాళ్లుంటారు. ఆదివారమైతే పొట్టలు ముందుకొచ్చిన ఉద్యోగస్తులు, షాపుల వాళ్లు కాసేపు ఆడి, ఎక్కువసేపు ఆయాసపడి పోతారు. నడుమ వాళ్లేరీ? పదహారు నిండినవాడు, ఇరవై రెండు దాటనివాడు, అంటే ఒంట్లో బలం పొంగే వయసువాడు గ్రౌండులో దాదాపు కనిపించడు. కబడ్డీలో చిరుతలా దూకే పిల్లవాడొకడు ఉండేవాడు. వాడేమయ్యాడని ఒక పీఈటీ సారుని అడిగితే, "టెన్త్ అయిపోయింది గదండీ, ఇంటరు బెజవాడలో ఏసినారు" అన్నాడు, అదేదో ప్రకృతి ధర్మమన్నట్టు. ఆ మాటకు నేనూ తలూపాను. మా ఇళ్లల్లోనూ జరిగింది అదే. ఇంటరు అంటే బెజవాడో గుంటూరో, ఒక హాస్టలు, తెల్లారుజామున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, ఆ రెంటి మధ్య వారానికో పరీక్ష. ఆ బిల్డింగుల్లో చాలావాటికి గ్రౌండు ఉండదు. ఉండాలని అడిగిన తల్లిదండ్రులూ తక్కువే.

ఇలా ఉండగా 2025 జనవరి 13 వచ్చింది. భోగి. పొద్దున మంటలు ఆరాయి, మధ్యాహ్నం గారెలు అరుగుతున్నాయి. మా బాబాయి ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని, "ఒరే, మన నెల్లూరోళ్ల పిలగాడంటరా, జొకోవిచ్ మీద ఆడతా ఉండాడు" అన్నాడు. ఆయనకు టెన్నిస్ లెక్క తెలియదు. పదిహేను తర్వాత ముప్పై, ముప్పై తర్వాత నలభై ఎందుకొస్తుందో ఇప్పటికీ నాచేత చెప్పించుకుంటాడు. అక్కడ మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఆటలో, రాత్రి దీపాల కింద, రాడ్ లేవర్ అరీనాలో, పందొమ్మిదేళ్ల నిశేష్ బసవారెడ్డి మొదటి సెట్ 6-4తో తీసుకున్నాడు. ఎదురుగా ఉన్నది ఆ కోర్టులో పదిసార్లు ట్రోఫీ ఎత్తినవాడు, మొత్తం 24 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచినవాడు. కుర్రాడికి అది మొట్టమొదటి గ్రాండ్‌స్లామ్ ప్రధాన పోటీ. తర్వాత మూడు సెట్లూ పోయాయి, 3-6, 4-6, 2-6. ఓడిపోయాడు. అయినా బాబాయి సాయంత్రం వీధి అరుగు మీద అందరికీ చెప్పింది మొదటి సెట్ గురించే. నాకు మాత్రం ఆ ఓటమి తీరే మనసులో ఉండిపోయింది. వాడెక్కడా ఉలిక్కిపడినట్టు లేడు. అంత పెద్ద వేదిక మీద, అంత పెద్దవాడి ముందు ఓడుతున్నప్పుడు ముఖంలో ఉండాల్సిన పరువు బాధ లేదు. అది ఎక్కడ నేర్చుకున్నాడు?

ఆ ప్రశ్న పక్కన పెట్టి, ముందు ఇంకొక అనుమానం తీర్చుకోవాలి. అతను మనవాడెలా అయ్యాడు? అమ్మానాన్నలు నెల్లూరు నుంచి 1999లో అమెరికా వెళ్లారు. అతను 2005 మే 2న కాలిఫోర్నియాలో పుట్టాడు, ఇండియానా రాష్ట్రంలో కార్మెల్ అనే ఊళ్లో పెరిగాడు. ఇందులో మాకెక్కడ వాటా వచ్చింది? బాబాయికి జవాబు సిద్ధంగా ఉంది. పొదిలి, కనిగిరి, దర్శి ఒకప్పుడు నెల్లూరు జిల్లావే కదా అంటాడు. నిజమే, 1970లో నెల్లూరు నుంచి, గుంటూరు నుంచి, కర్నూలు నుంచి తలా ఒక ముక్క తీసి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. మా మార్కాపురం, గిద్దలూరు మాత్రం కర్నూలు నుంచి వచ్చిన ముక్క. ఆ లెక్కన చూస్తే నెల్లూరు మాకు పొరుగింటికి పొరుగిల్లు. అయినా చుట్టరికం కలుపుకోవడం మాకు కొత్తేం కాదు. బేస్తవారిపేట వైపు మోక్షగుండం అనే ఊరుంది. ఇంజనీరు విశ్వేశ్వరయ్య పుట్టింది కన్నడ దేశంలో ముద్దెనహళ్లిలో, పూర్వీకులు ఎప్పుడో ఇక్కణ్ణుంచి వెళ్లారు. ఆయన ఇంటిపేరులో మాత్రం ఈ ఊరు కడదాకా ఉండిపోయింది. ఆయన కట్టిన ఆనకట్టల్లో మా ఊరికి ఒక్కటీ రాలేదు, ఆ గర్వం మాత్రం అందరం పంచుకున్నాం. ఇలాంటి గర్వం మంచిదేనా? ఎవడి కష్టమో మన ఖాతాలో వేసుకోవడం కాదా? కావచ్చు. కానీ గర్వం ఉచితంగా వచ్చినప్పుడు దాంతోపాటు ఒక ప్రశ్న కూడా మోసుకురావాలి. అతను అక్కడ కాకుండా ఇక్కడ పుట్టి ఉంటే పదహారో ఏట ఏ హాస్టల్లో ఉండేవాడు?

అతను నడిచిన దారి చూస్తే ఇదేమీ ఒక్క రాత్రిలో జరగలేదని తెలుస్తుంది. కార్మెల్‌లోనే ఉండే డబుల్స్ ఆటగాడు రాజీవ్ రామ్ చిన్నప్పటి నుంచీ అతనికి పెద్దదిక్కులా నిలబడ్డాడు. 2022లో యూఎస్ ఓపెన్ బాలుర డబుల్స్‌ను ఓజాన్ బారిస్‌తో కలిసి గెలిచాడు. అంత గెలిచిన పిల్లవాడు ఇంక చదువెందుకని ప్రొఫెషనల్ సర్క్యూట్‌లోకి దూకొచ్చు. చాలామంది దూకుతారు కూడా. అతను స్టాన్‌ఫోర్డ్‌లో చేరాడు. జాన్ మెకన్రో 1978లో అమెరికా కాలేజీల సింగిల్స్ టైటిల్ గెలిచింది ఆ విశ్వవిద్యాలయం తరఫునే. నిశేష్ అక్కడ రెండేళ్లు ఆడాడు. సెలవుల్లో, సెమిస్టర్ల సందుల్లో ప్రొఫెషనల్ పోటీలకు వెళ్లొచ్చాడు. 2024 మొదట్లో అతని ర్యాంకు నాలుగు వందల పైచిలుకు. ఆ ఏడాదే ప్రధాన టూర్‌కు కింది మెట్టైన ఛాలెంజర్ స్థాయిలో రెండు టైటిళ్లు వచ్చాయి, డిసెంబరులో జెడ్డాలో కుర్ర ఆటగాళ్లకు జరిగిన నెక్స్ట్ జెన్ ఫైనల్స్‌లో చోటు దొరికింది, ఆస్ట్రేలియన్ ఓపెన్‌కు ర్యాంకుతో పని లేకుండా చోటిచ్చే వైల్డ్ కార్డు వచ్చింది. అప్పుడు, మిగిలిన రెండేళ్ల కాలేజీ ఆట వదులుకుని, ప్రొఫెషనల్‌ని అవుతున్నానని ప్రకటించాడు. జొకోవిచ్‌తో ఆడే ముందువారమే ఆక్లండ్‌లో క్వాలిఫయింగ్ నుంచి మొదలుపెట్టి సెమీస్ దాకా వెళ్లి, గేల్ మోన్‌ఫిస్ చేతిలో ఓడాడు. అంటే దూకడానికి ముందు నీటి లోతు చూసుకున్నాడు. మా వైపు నీళ్లే లేక లోతు చూసే అలవాటు తప్పింది.

అమెరికా కాలేజీ టెన్నిస్ ఎలా జరుగుతుందో తెలుసుకున్నాక ఆ మెల్బోర్న్ ముఖం నాకు కొంత అర్థమైంది. రెండు కాలేజీలు తలపడితే ఏడు పాయింట్లు. ముందు మూడు డబుల్స్ ఆటలు పక్కపక్క కోర్టుల్లో ఒకేసారి మొదలవుతాయి, ఆరు గేముల చొప్పున ఒక్కొక్క సెట్. మూడింట్లో రెండు ఎవరివైతే వాళ్లకు ఒక పాయింటు. తర్వాత ఆరు సింగిల్స్, అవీ ఒకేసారి. తలా ఒక పాయింటు. నాలుగు పాయింట్లు ముందు చేరినవాళ్లదే గెలుపు. డ్యూస్ వస్తే సాగదీయరు, ఒక్క బంతితో గేము తేల్చేస్తారు. టెన్నిస్ అంటే మనకు టీవీలో కనిపించే గుడి నిశ్శబ్దం అక్కడ ఉండదు. పక్క కోర్టు నుంచి జట్టువాడు పేరు పెట్టి అరుస్తాడు, గోడ మీద స్నేహితులు చప్పట్లు కొడతారు, ఎదుటి జట్టువాళ్లు ఎగతాళి చేస్తారు. అన్నిటికంటే నన్ను ఆపేసింది ఇంకొక పద్ధతి. ఒక జట్టుకు నాలుగు పాయింట్లు రాగానే మిగిలిన ఆటలను మామూలుగా అక్కడికక్కడే ఆపేస్తారు. మూడో సెట్‌లో 5-2తో గెలవబోతున్నవాడూ రాకెట్ దించాలి, ఓడబోతున్నవాడూ దించాలి. ఇద్దరి పేర్ల పక్కనా అసంపూర్ణం అని రాస్తారు. ఒకడు చిత్తుగా ఓడిన రోజున కూడా జట్టు గెలిచి వాణ్ణి భుజాన వేసుకుని తీసుకుపోవచ్చు. టెన్నిస్ ప్రపంచంలోకెల్లా ఒంటరి ఆటల్లో ఒకటి. ఆడేటప్పుడు కోచ్‌తో మాట్లాడటానికి కూడా నిన్నమొన్నటి దాకా ఒప్పుకోని ఆట. అలాంటి ఆటను తీసుకొచ్చి, పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి, ఒరే నీ ఓటమిని ఇంకో ఐదుగురితో పంచుకో అని చెప్పే ఏర్పాటు అది. ఇది ఎవరో తత్వం ఆలోచించి చేసి ఉండరు, కాలేజీల మధ్య పోటీ పెట్టాలంటే జట్టు కావాలి గనక చేసి ఉంటారు. కానీ మంచి ఏర్పాట్లు చాలావరకు అలా అనుకోకుండానే కుదురుతాయేమో.

ఇక్కడ నాకు మా పెదనాన్న కొడుకు గుర్తొస్తాడు. వాళ్లది కొమరోలు దగ్గర పల్లె. ఎనభైల చివర్లో ఆ చుట్టుపక్కల వాలీబాల్ పోటీ ఏ ఊళ్లో పెట్టినా అన్న పేరు ముందు అడిగేవాళ్లు. చింతచెట్ల కింద గీసిన కోర్టు, రెండు వాసాలకు కట్టిన వల, సున్నం గీతలు. అన్న గాల్లోకి లేచి షాట్ కొడితే బంతి అవతలివాళ్ల కాళ్ల మధ్య దుమ్ము లేపి మా వైపు చూసేది. గిద్దలూరులో ఇంటరు చదివే రోజుల్లో ఒంగోలులో జిల్లా ఎంపికలకు రమ్మని పిలుపొచ్చింది. వెళ్లలేదు. ఇన్నేళ్ల తర్వాత, ఈ టెన్నిస్ గొడవ బుర్రలో తిరుగుతుంటే, ఒకసారి అడిగాను.

"అప్పుడు ఎందుకు పోలేదన్నా?"

"పోయి ఏం జెయ్యాల్రా? గెలిస్తే ఒక కప్పిస్తారు. ఓడితే బస్సు చార్జీలు దండగ. ఆ నెల నాయనకాడ డబ్బులడిగే మొగం లేదు నాకు."

ఆ నెల సంగతి నాకు తెలుసు. పెదనాన్న బత్తాయి తోటకు బోరు వేయించిన నెల అది. కొబ్బరికాయ అరచేతిలో నిలబెట్టుకుని పొలమంతా నడిచే మనిషి ఒకాయన వచ్చాడు. కాయ లేచి నిలబడిన చోట వేపమండ పాతాడు. రాత్రంతా బోరు లారీ మోత. పిల్లలం దుప్పట్లు కప్పుకుని గట్టు మీద కూర్చున్నాం. ముందు ఎర్రమట్టి వచ్చింది, తర్వాత నల్ల పొడి, తర్వాత తెల్ల పొడి. తెల్లవారుతుండగా ఆ తెల్ల పొడి అందరి తలల మీద పడి, పెదనాన్న ఒక్కసారిగా ముసలివాడైపోయినట్టు కనిపించాడు. నీళ్లు పడలేదు. ఆ తర్వాత ఇంకొకటి వేయించాడు, అప్పు తెచ్చి. మా వైపు ఏ రైతు ఇంటికి పోయినా ఇలాంటి పొడి కథ ఒకటి చెబుతారు. ఉన్న నీళ్లలోనూ చాలా ఊళ్లల్లో ఫ్లోరైడు. తోటలు నరికి వంటచెరుకుగా అమ్ముకుని హైదరాబాదుకో బెంగళూరుకో తాపీ పనికి పోయినవాళ్లున్నారు. ఇంతగా పందెం కాసినవాళ్లు, ఇన్నిసార్లు ఓడినవాళ్లు, పిల్లల దగ్గరికొచ్చేసరికి ఒక్క పందెం కూడా వద్దంటారు. మొదట్లో నాకిది పిరికితనంలా కనిపించేది. ఇప్పుడు అలా అనలేను. భూమితో ఆడి ఓడినవాడికి ఓటమి ఖరీదు తెలుసు. తను కట్టిన ఆ ఖరీదు కొడుకు కట్టకూడదనుకుంటాడు. ఇంటరూ, ఎంట్రన్సూ, ఒక ఉద్యోగం అంటే నీళ్లు ఖాయంగా పడతాయని ఎవరో చూపించిన చోటు. అక్కడే తవ్వమంటాడు. తప్పెలా పడతాం?

కానీ ఒకటి మిగిలిపోతుంది. ఓటమి అంత ఖరీదైన చోట ఎవడూ ఏదీ నేర్చుకోలేడు. మార్కాపురం మనిషికి ఇది వేరే చెప్పాలా? ఎంతమంది పిల్లలు అక్షరాలు దిద్దిన పలకలు మా ఊరి రాయితో తయారైనవి! రాయి పొరలు చీల్చి, అంచులు కోసి, నున్నగా రుద్ది, చెక్క చట్రం బిగించి, డజన్ల లెక్కన పెట్టెలకెక్కించి పంపేవాళ్లం. కాగితానికీ పలకకూ తేడా ఏమిటంటే, పలక మీద తప్పు నిలవదు. 'అ' వంకరపోతే ఉమ్ముతడో, తడిగుడ్డో, అంతే, మళ్లీ నల్లటి రాయి. పిల్లవాడు వందసార్లు తప్పు రాసినా పంతులుకు తప్ప లోకానికి తెలియదు. పదహారేళ్ల నుంచి ఇరవై రెండేళ్ల దాకా ఆటగాడికి కావలసిందీ అలాంటిదే. అమెరికా కాలేజీ నిశేష్‌కు ఇచ్చిన పెద్ద సాయం కోచింగ్ కాదనీ, కోర్టులు కాదనీ నాకనిపిస్తుంది. అవి డబ్బుంటే ఎక్కడైనా కొనుక్కోవచ్చు. ఓడినా తెల్లారి క్లాసు ఉంటుంది, మెస్‌లో అన్నం ఉంటుంది, పక్క గదిలో జట్టువాడుంటాడు. అది కొనుక్కునేది కాదు. మా పిల్లలకు ఆ వయసులోనే ప్రతి వారం ర్యాంకు కాగితం గోడకు అంటిస్తాం, చెరగని సిరాతో.

ఇదంతా అమెరికాలోనే కుదురుతుందా, మనవాళ్లలో ఎవరూ లేరా అని వెతికితే, వంద సంవత్సరాల వెనక ఒకాయన కనిపిస్తాడు. కోటా రామస్వామి, మద్రాసు క్రికెట్‌కు పునాది వేసిన బుచ్చిబాబు నాయుడి కొడుకు, కేంబ్రిడ్జిలో చదువుకుంటూ 1922లో భారత్ తరఫున డేవిస్ కప్ డబుల్స్ ఆడాడు. తర్వాత ఇంటికొచ్చి వ్యవసాయ శాఖలో ఉద్యోగం చేసుకుంటూ క్రికెట్ ఆడుకుని, 1936లో నలభై ఏళ్ల వయసులో మాంచెస్టర్‌లో మొదటి టెస్టు ఆడి 40, 60 పరుగులు చేశాడు. ఆ కాలపు కలవారి బిడ్డ గనక ఆటకీ ఉద్యోగానికీ మధ్య తీరిగ్గా తిరగగలిగాడు. 1985లో ఒకనాడు ఇంటి నుంచి బయటికి నడిచి వెళ్లినవాడు మళ్లీ ఎవరికీ కనబడలేదు. మన కాలానికొస్తే, విజయవాడలో పుట్టిన సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయంలో ఆడి వచ్చి, 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు, 2016లో యూఎస్ ఓపెన్ ప్రధాన పోటీకి క్వాలిఫై అయ్యి మొదటి రౌండులో ఐదు సెట్లు పోరాడి ఓడాడు. తెలుగమ్మాయి సహజ యమలపల్లి టెక్సస్‌లోని సామ్ హ్యూస్టన్ స్టేట్‌లో ఆడి ప్రొఫెషనల్ అయింది. చెన్నైలో పెరిగిన సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా తరఫున 2007, 2008లో వరసగా కాలేజీల సింగిల్స్ విజేత. అందరూ ఆ కాలేజీ గుమ్మం తొక్కే వెళ్లారు. మన దేశం నుంచి పద్దెనిమిదో ఏట టెన్నిస్ పిల్లలు విమానమెక్కేది టెన్నిస్ కోసం మాత్రమే కాదు, చదువూ ఆటా ఒకే గేటులోంచి లోపలికి పోగల చోటు కోసం.

ఇంతవరకు రాసి చదువుకుంటే, అమెరికా కాలేజీని స్వర్గంలా చూపించానేమోనని అనుమానమొచ్చింది. అది స్వర్గమేం కాదు. చాలా ఏళ్లపాటు అక్కడ ఒక మగపిల్లల టెన్నిస్ జట్టు మొత్తానికి దక్కే స్కాలర్‌షిప్పులు 4.5 మాత్రమే. వాటినే ముక్కలు చేసి పంచేవారు. మిగతాది తల్లిదండ్రుల జేబులోంచే. అక్కడిదాకా చేరాలంటే చిన్నప్పటి నుంచీ కోచ్‌లకూ ప్రయాణాలకూ పెట్టే ఖర్చు మా ఊళ్లో ఒక ఇల్లు కట్టేంత. నెల్లూరు నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడిన దంపతులు పెట్టగలిగారు, కొమరోలు దగ్గర మా పెదనాన్న పెట్టలేకపోయాడు. కథ ఇంతేనా మరి? డబ్బున్నవాడు ఓడవచ్చు, లేనివాడు ఓడకూడదు, అంతేనా? చాలావరకు అంతే. కానీ పూర్తిగా అంతేనని ఒప్పుకోవడానికి నాకు మనసొప్పదు. మా వైపు వాలీబాల్‌కూ, కబడ్డీకీ, ఖోఖోకూ లక్షలు అక్కర్లేదు. పది వరకు ఆ ఆటలు బాగానే నడుస్తున్నాయి గదా. పదకొండో తరగతిలో ఉన్నట్టుండి పెరిగేది ఖర్చు కాదు, భయం.

కాలేజీ దాటాక ఏముంటుందో కూడా చూడాలి, లేకపోతే ఈ మాట సగమే. ప్రొఫెషనల్ టెన్నిస్‌లో అడుగు మెట్టు మీద ఉండే పోటీల్లో మొత్తం సొమ్మే 15,000 డాలర్లు. దాన్ని సింగిల్స్ వాళ్లూ డబుల్స్ వాళ్లూ అందరూ పంచుకోవాలి. ఊరుకాని ఊళ్లో మొదటి రౌండు ఓడితే వచ్చింది హోటల్ గదికే చాలదు. పై మెట్టుకు పోతే లెక్క తలకిందులు. 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మొదటి రౌండు ఓడినవాడికే 1,32,000 ఆస్ట్రేలియన్ డాలర్లు, మన డబ్బులో దాదాపు డెబ్బై లక్షలు. అడుగున ఓటమి తినేస్తుంది, పైన ఓటమి అన్నం పెడుతుంది. ఆ రెంటి మధ్య ఉన్న ఏటవాలు గోడను ఎక్కడానికి కాలేజీ ఒక నిచ్చెన. 2023లో మగవాళ్ల ప్రొఫెషనల్ టెన్నిస్ నడిపే ఏటీపీ, కాలేజీ టెన్నిస్ సంఘంతో కలిసి, పైవరుసలో ఉన్న కాలేజీ ఆటగాళ్లకు ఛాలెంజర్ పోటీల్లో నేరుగా చోటిచ్చే పద్ధతి పెట్టింది. అంటే అడుగు మెట్లలో కొన్నిటిని ఒక్క అంగలో దాటొచ్చు. ఎక్కినవాడు పైనే ఉంటాడని రాసి ఇవ్వలేదు. నిశేష్ కూడా ఆ భోగి తర్వాత గెలుస్తూ ఓడుతూనే వచ్చాడు. పేపర్లలో అతని పేరు రాని వారాలే ఎక్కువ. అరుగు మీద మా బాబాయి కూడా ఇప్పుడు అడగడం తగ్గించాడు.

నేను మాత్రం ఇంకొక ఆట చూసుకుంటున్నాను, ఇరవై ఏళ్ల కిందటిది. 2005 జనవరి, అదే రాడ్ లేవర్ అరీనా. నిశేష్ పుట్టడానికి ఇంకా మూడు నెలల పైనే ఉంది. సెర్బియా నుంచి క్వాలిఫయింగ్ ఆడుకుంటూ వచ్చిన పదిహేడేళ్ల కుర్రాడొకడు తన మొదటి గ్రాండ్‌స్లామ్ ఆట మరాత్ సాఫిన్‌తో ఆడాడు. స్కోరు 0-6, 2-6, 1-6. మూడు సెట్లలో కలిపి మూడంటే మూడు గేములు. ఆ కుర్రాడి పేరు నొవాక్ జొకోవిచ్. మరుసటి ఏడు కూడా అక్కడ మొదటి రౌండే దాటలేదు. 2008లో ట్రోఫీ ఎత్తాడు. అతనికి కాలేజీ లేదు, బాంబులు పడిన బెల్‌గ్రేడ్‌లో పెరిగాడు, ఓడినా వెనక నిలబడిన ఇల్లొకటి ఉంది. కాలేజీ అవనీ, ఇల్లవనీ, ఎవరో ఒకరు ఆ మూడు గేముల రోజున, ఫరవాలేదు, రేపూ ఆడదాం అని ఉంటారు. అనకపోతే ఆ పేరు మనకెవరికీ తెలిసేది కాదు. మా అన్నకు ఆ మాట అనడానికి పెదనాన్న దగ్గర డబ్బు లేదు, బడి దగ్గర ఆలోచన లేదు. డబ్బు లేకపోవడం కరువు పని. ఆలోచన లేకపోవడం ఎవరి పని?

మావి అడగడం చేతకాని ఊళ్లేం కావు. మార్కాపురం జిల్లా కావాలని ఏళ్ల తరబడి దీక్షలు చేశాం, బంద్‌లు చేశాం. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగితే, కృష్ణ నీళ్ల కోసం నల్లమల కింద 18 కిలోమీటర్లకు పైగా సాగే సొరంగాలు రెండు తవ్వమని, పనులు ఆగినప్పుడల్లా రోడ్డెక్కాం, ప్రభుత్వాలు మారినా అడగడం మానలేదు. ఇంటరు చదివే పిల్లలకు సాయంత్రం ఒక్క గంట గ్రౌండులో వదలమని, ఓడి వచ్చినవాణ్ణి మార్కులతో కొట్టొద్దని మాత్రం ఒక్క తండ్రీ, ఒక్క తల్లీ ఏ కాలేజీ గేటు ముందూ కూర్చోలేదు. దానికి కొండ తొలవక్కర్లేదు, టెండర్లు పిలవక్కర్లేదు. ఫీజు కట్టేటప్పుడు కౌంటరు దగ్గర ఒక మాట అడిగితే చాలు. వచ్చే జూన్‌లో మా చెల్లెలి కొడుకుని చేర్చడానికి నేనే వెళ్లాలి. అడిగితే నవ్వుతారని ఇప్పటినుంచే గుండె జారుతోంది. ఆ నవ్వుకు తట్టుకోవడం దగ్గరే, ఓడిపోవడం నేర్చుకోవాల్సింది పిల్లలొక్కరే కాదని తెలుస్తోంది.